అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ.: దేవరకొండ చెల్లెకు జవాబు

చెల్లె, నీ ప్రశ్న చదివాను. నల్లగొండలో తెలుగు మీడియంలో బి.ఏ. చివరి ఏడాదిలో ఉన్నావు, అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ. చేయాలని ఉంది. ఢిల్లీ దాకా పోవాలా, హైదరాబాద్ చాలా? ఇంగ్లిష్ అంతంత మాత్రమే, నెగ్గుకు రాగలనా? చదివాక ఉద్యోగం దొరుకుతుందా? ఇంట్లో గ్రూప్స్ కోచింగ్‌లో చేరమంటున్నారు, పత్తి పండించే నాయినకు ఈ చదువు గురించి ఏమని చెప్పను? ఇవీ నువ్వు అడిగినవి.

నాది అచ్చంపేట వైపు. డిగ్రీ దాకా తెలుగులోనే చదివాను. తర్వాత ఢిల్లీలో పశ్చిమాసియా మీద ఎం.ఏ., పరిశోధన చేసి ఇప్పుడు ఇదే సబ్జెక్టు పాఠం చెప్తున్నాను. నా జవాబు ముందే చెప్తున్నా: చదువు. కానీ "ప్రపంచ రాజకీయాలు తెలుసుకోవాలని" అంటూ చేరకు. ఒక ప్రాంతం, ఒక భాష, ఒక ప్రశ్న ఎంచుకుని చేరు. ఈ సబ్జెక్టులో నిలదొక్కుకున్నవాళ్లు, రెండేళ్లు చదివి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లు, ఇద్దరినీ దగ్గర్నుంచి చూశాను. మార్కుల్లో, ఇంగ్లిష్‌లో వాళ్ల మధ్య పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ఈ ఎంపికలోనే ఉంటుంది.

ముందు ఒక అపోహ తీసేస్తాను. కోచింగ్ సెంటర్లలో చెప్పే "ఇంటర్నేషనల్ రిలేషన్స్" కరెంట్ అఫైర్స్. ఏ సదస్సు ఎక్కడ జరిగింది, ఏ కూటమిలో ఎన్ని దేశాలున్నాయి అని గుర్తుపెట్టుకోవడం. అది పరీక్షకు పనికొస్తుంది, కాదనను. విశ్వవిద్యాలయంలో ఇదే పేరుతో చెప్పే చదువు వేరు. ఒక రాజ్యం ఇలా ఎందుకు ప్రవర్తించింది, ఇంకోలా ఎందుకు ప్రవర్తించలేదు అని అడగడం అక్కడి పని.

నాయిన పత్తి సంగతే తీసుకో. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం, మనం రష్యా నుంచి చమురు కొంటున్నామన్న కారణం చూపి వేసినది. ఆ దెబ్బ ముందుగా తిరుపూరు లాంటి చోట్ల బట్టలు ఎగుమతి చేసేవాళ్లకు తగిలింది. బట్టల పరిశ్రమకు ముడిసరుకు చౌకగా దొరకాలని కేంద్రం విదేశీ పత్తి మీద 2021 నుంచి ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన దగ్గర పత్తి ఏరి మార్కెట్‌కు తోలేది సరిగ్గా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. ఉక్రెయిన్ యుద్ధం, రష్యా చమురు, వాషింగ్టన్ నిర్ణయం, తిరుపూరు మిల్లు, దేవరకొండలో కాంటా: ఇదంతా ఒకే గొలుసు.

కరెంట్ అఫైర్స్ ఇక్కడ ఆగిపోతుంది. మా సబ్జెక్టు ఇక్కడ మొదలవుతుంది. ఇది ఒక అధ్యక్షుడి స్వభావం వల్ల జరిగిందా? అమెరికా లోపలి రాజకీయాల వల్లా? లేక దేశాల మధ్య బలాబలాలు మారుతున్నప్పుడు ఎవరు ఆ కుర్చీలో ఉన్నా ఇలాగే జరిగేదా? కెన్నెత్ వాల్ట్జ్ అనే అమెరికన్ పండితుడు ఈ మూడు మెట్లను విడదీసి చూపించాడు. మొదటి సెమిస్టర్లోనే ఆయన పేరు వింటావు. అదే పత్తి మీద ఇంకో ప్రశ్న అడగొచ్చు. 2002లో బ్రెజిల్ అమెరికా పత్తి సబ్సిడీల మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి అనే నాలుగు పేద ఆఫ్రికా దేశాలు కలిసి అవే సబ్సిడీల గురించి గొంతెత్తాయి, అంత ఫలితం రాలేదు. బ్రెజిల్‌కు సాధ్యమైంది వాళ్లకు ఎందుకు కాలేదు? 2019 డిసెంబరు నుంచి ఆ సంస్థలో అప్పీళ్లు వినడానికి సరిపడా సభ్యులు లేకుండా పోయారు, కొత్త నియామకాలను అమెరికా అడ్డుకుంది కాబట్టి. అలాంటప్పుడు ఇవాళ బ్రెజిల్ అయినా అదే దారిలో గెలిచి డబ్బు రాబట్టగలదా? ఇవి ఎం.ఏ. స్థాయి ప్రశ్నలు. పత్తి గురించి మీ ఇంట్లో నీకు తెలిసింది ఢిల్లీ క్లాసులో చాలామందికి తెలియదు. అది నీ బలం, దాన్ని దాచుకోవద్దు.

మన ప్రాంతం ఈ సబ్జెక్టుకు ఎంత దగ్గరో చాలామంది గమనించరు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో మండలి ఈ విషయం చర్చకు తీసుకుంది. 17న నిజాం లొంగిపోయాడు, కొద్ది రోజులకే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని తెలిపాడు. మనం దీన్ని తెలంగాణ చరిత్రలో పోలీసు చర్య అని చదువుతాం. ఇదే సంగతి అంతర్జాతీయ న్యాయం క్లాసులో పూర్తిగా ఇంకో రూపంలో వస్తుంది. సమితి చార్టర్ 35వ అధికరణం ప్రకారం సభ్యత్వం లేని రాజ్యం కూడా మండలి తలుపు తట్టొచ్చు, కానీ అది రాజ్యమై ఉండాలి. హైదరాబాద్ రాజ్యమేనా? కాదు, అసలు ఫిర్యాదు చేసే అర్హతే లేదు అన్నది భారత ప్రతినిధి రామస్వామి ముదలియార్ వాదన. మండలి ఆ అర్హత సంగతి తేల్చకుండానే అంశాన్ని ఎజెండాలో పెట్టుకుంది. రాజ్యం అంటే ఏమిటి, గుర్తింపు ఎవరిస్తారు, ఒక దేశపు అంతర్గత వ్యవహారం ఎక్కడ ముగుస్తుంది అన్న పెద్ద ప్రశ్నలన్నీ ఆ ఒక్క చర్చలో ఉన్నాయి.

దాని తోక కూడా చిన్నది కాదు. అదే సెప్టెంబరులో నిజాం ప్రభుత్వపు సొమ్ము దాదాపు 10 లక్షల పౌండ్లు లండన్‌లో ఒక బ్యాంకులో ఉన్న పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి పోయాయి. నిజాం తిరిగి అడిగినా బ్యాంకు ఇవ్వలేదు. 1957లో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడ చివరి అప్పీలు వినేది అదే), పాకిస్తాన్ సార్వభౌమ రాజ్యం కాబట్టి ఆ దేశం ఒప్పుకోకుండా దాన్ని కోర్టుకు ఈడ్చలేమంది. ఆ డబ్బు అలాగే కూర్చుంది, వడ్డీతో పెరిగింది. 2013లో పాకిస్తానే డబ్బు నాదంటూ కోర్టుకెక్కింది. తనే కేసు వేశాక ఆ రక్షణ వెనక దాక్కోవడం కుదరదు. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు భారత్‌కు, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి సొమ్ము 3.5 కోట్ల పౌండ్లకు చేరింది. సార్వభౌమ రక్షణ అనే సూత్రం నా విద్యార్థులకు ఈ కేసుతో చెప్పినంత బాగా ఇంకే ఉదాహరణతోనూ అర్థం కాదు.

మీ జిల్లాలో నడిచిన సాయుధ పోరాటం సంగతీ అంతే. 1951 తొలి నెలల్లో నలుగురు కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. అదే ఏడాది అక్టోబరులో పోరాటం విరమించారు. ఆ నిర్ణయంలో నల్లగొండ పల్లెల పరిస్థితి ఎంత, మాస్కో మాట ఎంత అన్నది ఇప్పటికీ వాదించుకోదగిన విషయం. ఫ్లోరైడ్ నీళ్లను శుద్ధి చేసే "నల్లగొండ టెక్నిక్" పటిక, సున్నంతో నడిచే పద్ధతి. దాన్ని టాంజానియా, ఇథియోపియాల్లో కూడా ప్రయత్నించారు. పేద దేశాలు ఒకదానికొకటి సాయం చేసుకోవడం మీద మంచి డిసర్టేషన్ (ఎం.ఏ.లో రాసే పరిశోధన వ్యాసం) రాయాలంటే ఇది ఒక్కటి చాలు. మిర్యాలగూడ రైస్ మిల్లులు, 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి మీద పెట్టిన నిషేధం, పశ్చిమ ఆఫ్రికాలో బియ్యం ధరలు: ఇదొకటి. కృష్ణా నీళ్ల మీద ఎగువ, దిగువ రాష్ట్రాల వాదనలు తెలిసినవాళ్లకు 1960 నాటి సింధు జలాల ఒప్పందం చదవడం తేలిక. ఎగువవాడి హక్కు ఎంత, దిగువవాడి హక్కు ఎంత అన్న గొడవ రెండు చోట్లా ఒకటే. కాకపోతే కృష్ణాకు ట్రిబ్యునల్ ఉంది, పైన సుప్రీంకోర్టు ఉంది. దేశాల మధ్య అలాంటి పై అధికారి లేడు. ఆ లేకపోవడమే మా సబ్జెక్టుకు పునాది.

ఇక ఎక్కడ చదవాలి. దేశంలో ఈ సబ్జెక్టుకు పెద్ద పేరు ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ (జేఎన్‌యూ)లోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌ది. 1955లో సప్రూ హౌస్‌లో విడి సంస్థగా పుట్టి 1970లో జేఎన్‌యూలో కలిసింది. పశ్చిమాసియా, ఆఫ్రికా, రష్యా, తూర్పు ఆసియా అంటూ ప్రాంతాల వారీగా సెంటర్లు ఉండటం దాని ప్రత్యేకత. ట్యూషన్ ఫీజు చాలా తక్కువ, నీకు అయ్యేది మెస్ ఖర్చు. ఢిల్లీలోనే సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలు కలిసి 2010లో మొదలుపెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీ ఉంది. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక పిల్లల పక్కన కూర్చుని భారత విదేశాంగ విధానం చదవడం ఇంకెక్కడా దొరకని అనుభవం. కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీకి 1956 నుంచి ప్రత్యేక శాఖ ఉంది. కేరళలో కొట్టాయంలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనూ మంచి శాఖ ఉంది. మన నల్లగొండ యూనివర్సిటీ పేరు కూడా అదే కాబట్టి ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకో.

ఇల్లు దాటి అంత దూరం పోలేని పరిస్థితి ఉంటే హైదరాబాద్ తక్కువేం కాదు. సెంట్రల్ యూనివర్సిటీలో, ఉస్మానియాలో ఎం.ఏ. రాజనీతి శాస్త్రం తీసుకుని అంతర్జాతీయ సంబంధాల పేపర్లు ఎంచుకో. సెంట్రల్ యూనివర్సిటీలో ప్రవాస భారతీయుల మీద ప్రత్యేక సెంటర్ ఉంది, గల్ఫ్ వలసల మీద పని చేయాలనుకుంటే అది నీకు అక్కరకొస్తుంది. లక్షల ఫీజు తీసుకునే ప్రైవేటు యూనివర్సిటీలకు అప్పు చేసి పోవద్దు, భూమి కుదువ పెట్టి అసలే పోవద్దు. విదేశాల్లో చదవాలని ఉంటే మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో విదేశీ విద్యానిధి పథకాలున్నాయి, 20 లక్షల దాకా సాయం వస్తుంది. కానీ ఇక్కడ ఎం.ఏ. చేశాక ఆ ఆలోచన చేయమంటాను.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, సీనియర్లు కూడా చెప్పరు. పట్టా మీద ఏ పేరు ఉంటుందో చేరే ముందే చూసుకో. జూనియర్ లెక్చరర్ సివిక్స్, డిగ్రీ లెక్చరర్ లాంటి పోస్టుల నోటిఫికేషన్లు రాజనీతి శాస్త్రం పట్టా అడుగుతాయి. నీ పట్టా మీద "అంతర్జాతీయ సంబంధాలు" అని మాత్రమే ఉంటే, రెండూ సమానమని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావొచ్చు. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఆ ఇబ్బంది లేదు, రాజనీతి శాస్త్రం పేపర్లోనే అంతర్జాతీయ సంబంధాలు కలిసి ఉంటాయి. కాబట్టి పట్టా పేరులో రాజనీతి అన్న మాట ఉన్న కోర్సుకు నేను మొదటి ఓటు వేస్తాను.

ఇంగ్లిష్ గురించి నీకున్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో చేరడానికి రాసే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. తప్పు జవాబుకు మార్కు కోస్తారు. అందుకని ముందు తెలుగు అకాడమీ పుస్తకంతో విషయం గట్టి చేసుకుని, ఆ తర్వాత అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో చదువు. తెలియని విషయాన్ని తెలియని భాషలో చదివితే రెండూ పోతాయి. చేరాక నీకు కావాల్సింది గలగలా మాట్లాడటం కాదు. రోజుకు ముప్పై పేజీలు చదివి, వాటిని ఒక పేజీలో సొంత మాటల్లో రాయడం. అది వస్తే మాట్లాడటం దానంతటదే వస్తుంది.

చదవడానికి ఏం తీసుకోవాలంటే, వ్యాఖ్యాతల వీడియోల కంటే అసలు పత్రాలు. విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో సంయుక్త ప్రకటనలు, ప్రతినిధి విలేకరుల సమావేశాలు, పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. భాష కూడా సరళమే, వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రెండు దేశాల మధ్య వరుసగా వచ్చిన రెండు మూడు ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని ఏది కొత్తగా చేరింది, ఏది రాలిపోయింది చూడు. "ఒకే చైనా" విధానాన్ని, అంటే తైవాన్ కూడా చైనాలో భాగమే అన్న మాటను, సమర్థిస్తున్నామని భారత్ చైనాతో సంయుక్త ప్రకటనల్లో చెప్తూ వచ్చేది. 2010 డిసెంబరులో చైనా ప్రధాని వెన్ జియాబావో ఢిల్లీ వచ్చినప్పుడు ఆ వాక్యం రాలేదు. కశ్మీరీలకు పాస్‌పోర్టు మీద ముద్ర వేయకుండా చైనా విడి కాగితం మీద వీసా ఇస్తోందన్న కోపం దాని వెనక ఉంది. ఎవరూ గట్టిగా అరవలేదు, ఒక వాక్యం పోయింది, అంతే. ఇలా చదవడం అలవాటైతే సిద్ధాంతాల పేపర్ నిన్ను భయపెట్టదు.

విదేశీ భాష మొదటి సెమిస్టర్లోనే మొదలుపెట్టు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది. మన నల్లగొండ, పాలమూరు పిల్లలకు ఉర్దూ చెవిన పడుతూనే పెరిగే అదృష్టం ఉంది. ఆ లిపి కొంచెం నేర్చుకుంటే అరబిక్, ఫార్సీ సగం దగ్గరైనట్టే. నేను అరబిక్ ఎంచుకోవడానికి కారణం మా ఊళ్ల నుంచి దుబాయ్, సౌదీ పోయినవాళ్లు. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర ఎందుకు, 1983 వలస చట్టం ఏం చెప్తుంది, 2020లో ఖతార్ కఫాలా (కార్మికుణ్ణి యజమాని అనుమతికి కట్టేసే) పద్ధతిని ఎంతవరకు సడలించింది అన్నవి నాకు పుస్తకంలో ప్రశ్నలు కావు. నీకు అలాంటిది పత్తే కావొచ్చు, నీళ్లే కావొచ్చు, ఇంకేదైనా కావొచ్చు. చైనీస్ బాగా వచ్చినవాళ్లకు మన దేశంలో ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, ఓపిక ఉంటే అది కూడా ఆలోచించు.

ఉద్యోగాల విషయం ఉన్నదున్నట్టు చెప్తాను. ఎం.ఏ. పట్టా చూసి రాయబారిని చేసే దారి లేదు. ఐఎఫ్ఎస్‌కు, అంటే విదేశాంగ సర్వీసుకు, సివిల్స్ రాయాలి, ఏటా తీసుకునేది కొన్ని పదుల మందినే. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు, ఇంగ్లిష్ పేపర్ పాసైతే చాలు. కానీ ప్రిలిమ్స్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. రాజనీతి, అంతర్జాతీయ సంబంధాలు ఆప్షనల్‌గా ఉంది కాబట్టి ఎం.ఏ. చదువు వృథా పోదు. చాలామందికి తెలియని ఇంకో దారి కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష. అందులో విదేశాంగ శాఖకు అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్లను తీసుకుంటారు. ఏ డిగ్రీ అయినా సరే. వాళ్లకు కూడా రాయబార కార్యాలయాల్లో పోస్టింగ్ వస్తుంది. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధన చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్ వస్తుంది, ఇంటికి భారం కాకుండా చదువుకోవచ్చు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్, బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ ఉన్నాయి, అవి స్థానికులను కూడా తీసుకుంటాయి. నాతో చదివినవాళ్లలో ఎక్కువమంది కాలేజీల్లో పాఠాలు చెప్తున్నారు, కొందరు పరిశోధన సంస్థల్లో, పత్రికల్లో, వలస కార్మికుల కోసం పనిచేసే సంస్థల్లో ఉన్నారు. తొందరగా పెద్ద జీతం కావాలంటే ఇది ఆ దారి కాదు, ఇది ముందే తెలిసి చేరాలి.

నాయినతో మాట్లాడేటప్పుడు గ్రూప్స్ రాయనని చెప్పకు, అది నిజం కూడా కానక్కర్లేదు. ఎం.ఏ. చేస్తూ కూడా గ్రూప్స్‌కు, సివిల్స్‌కు వయసు మిగిలే ఉంటుంది. పత్తి సుంకం ముచ్చట మొత్తం ఆయనకు చెప్పు, ఈ చదువు ఇలాంటిదే అని చెప్పు. ఆయన అడిగే ప్రశ్నలు రాసుకో, అందులో ఒకటి నీ డిసర్టేషన్ కావొచ్చు. రెండేళ్లకు మెస్, ప్రయాణం కలిపి ఎంత అవుతుందో లెక్క కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు. మన ఇళ్లలో భయం చదువు గురించి కంటే డబ్బు గురించి, ఆడపిల్ల దూరం పోవడం గురించి ఎక్కువ. హాస్టల్ వివరాలు, అక్కడ చదువుతున్న మన జిల్లా అమ్మాయి ఎవరైనా ఉంటే ఆమెతో ఫోన్లో ఒకసారి మాట్లాడించడం చాలా పని చేస్తుంది.

ఒక్క పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. సీయూఈటీ పీజీ దరఖాస్తులు సాధారణంగా చలికాలంలో వస్తాయి, పరీక్ష మార్చి ప్రాంతంలో ఉంటుంది. బీసీ అయితే రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ సరిపోదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకో, రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. ఆ సర్టిఫికెట్ వాళ్లు అడిగిన తేదీ తర్వాత తీసుకున్నదై ఉండాలి, పాతది చెల్లదు. మీసేవలో పెట్టి తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చేసరికి రోజులు పడతాయి. సీటు వచ్చి, ఈ ఒక్క కాగితం లేక పోగొట్టుకున్న పిల్లలను చూశాను. ఏ యూనివర్సిటీలకు పెడుతున్నావో, ఏ ప్రాంతం మీద మనసుందో రాయి, పాత ప్రశ్నపత్రాలు ఏవి ముందు చేయాలో చెప్తాను.